కసువు కోసే పాత ట్రాక్టర్‌కు బలం తగ్గిందా? ఇంజిన్ విప్పించే ముందు ఒక మాట



ప్రకృతి సేద్యం అంటే మనం జీవామృతం గురించి మాట్లాడతాం, నవధాన్యాల గురించి మాట్లాడతాం, నాటు ఆవు గురించైతే గంటలు గంటలు మాట్లాడతాం. తోటలో కసువు కోసే ట్రాక్టర్ గురించి మాత్రం ఎవరూ నోరు తెరవరు. అందుకే ఈసారి వీడియో మొత్తం మా పాత మాసీ 1035 మీదే తీశాను. వీడియోలో చేతులు చూపించాను, ఇక్కడ నా అభిప్రాయం రాస్తున్నాను.

సూటిగా చెప్తా. మన కర్నూలు, కడప మెట్టల్లో చీనీ, మామిడి పెట్టుకున్న రైతు మళ్ళీ కలుపు మందు డబ్బా పట్టుకుంటున్నాడంటే చాలాసార్లు నమ్మకం పోయి కాదు. అదునుకు బండి పని చేయక. ఆ బండి పని చేయకపోవడానికి కారణం ఎక్కువసార్లు వందల్లో తీరిపోయేది. మనకు తెలియక దాన్ని వేలల్లో తీర్చుకుంటున్నాం, ఇంకా గట్టిగా మాట్లాడితే కొత్త ట్రాక్టర్ అప్పు కింద లక్షల్లో తీర్చుకుంటున్నాం.

ఇది చిన్న విషయం ఎందుకు కాదు

మన పద్ధతిలో నేలను ఏడాది పొడుగునా పచ్చగా కప్పి పెట్టాలి. దున్నము, మందు కొట్టము. కసువును మోకాలెత్తు రాకముందే కోసి, కోసిన చోటే పరుస్తాం. అదే మల్చింగ్, అదే ఎరువు, అదే తేమకు దుప్పటి. మనకు ఏడాదికి పడేదే 650, 700 మిల్లీమీటర్ల వాన. ఆ వాన నేలలో నిలవాలంటే ఈ దుప్పటి ఉండాల్సిందే.

చిక్కు ఎక్కడంటే, కసువు మన తీరిక చూసి పెరగదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక విడత లేస్తుంది. కడప వైపు అక్టోబరు, నవంబరు వానలకు ఇంకో విడత లేస్తుంది. పూత పట్టి గింజ రాలకముందే కోయాలి. ఆ పదిహేను రోజుల్లో ట్రాక్టర్ షెడ్డులో పడిందంటే అంతే. గింజ రాలిపోతుంది, నడుం ఎత్తు పెరుగుతుంది, పాముల భయంతో కూలోళ్ళు చేలో దిగరు. అప్పుడు పక్క చేను ఆయన వచ్చి, "ఏమప్పా, రెండు ట్యాంకులు కొడితే పోయేదానికి ఎందుకింత తిప్పలు?" అంటాడు.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కాగితం మీద అది ఉంది. అయినా కసువు నడుం దాకా వచ్చి, బండి కదలక, జేబులో డబ్బుల్లేక నిలబడిన రైతుకు ఆ ఉత్తర్వు ఏం గుర్తుంటుంది? మూడేళ్ళు కష్టపడి పెంచిన పచ్చదనం వారం పది రోజుల్లో మాడిపోతుంది. కాబట్టి నా లెక్కలో ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్ కడగడం కూడా జీవామృతం కలిపినంత పనే.

"ట్రాక్టర్ తొక్కితే అది ప్రకృతి సేద్యమా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ఎద్దులున్నవాళ్ళకు దండం పెడతా. కానీ ఎద్దులు దున్నుతాయి, గుంటక లాగుతాయి. చీనీ సాళ్ళ మధ్య కసువును నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో కోసి పరచవు. మనుషులతో కొడవలి పెట్టి కోయించడానికి ఈ రోజు కూలి రేట్లకు ఆరెకరాల తోట తట్టుకోదు. ఉన్న పాత బండినే తేలికైన స్లాషర్‌తో, నేల తడిగా లేనప్పుడు, తక్కువ తిప్పులతో వాడుకోవడం నాకు తెలిసి మధ్యస్థమైన దారి.

పాత బండి బలం దాని సాదాతనంలోనే ఉంది

మన ఊళ్ళల్లో ఉన్నవి ఏవి? మాసీ 1035, మహీంద్రా బి-275, ఐషర్, ఎస్కార్ట్స్, హెచ్‌ఎంటీ. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూసివేతకు కేంద్రం 2016లోనే ఒప్పుకుంది, కానీ దాని బండ్లు ఇంకా చేలల్లో తిరుగుతున్నాయి. ఎందుకంటే వీటిలో సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. జబ్బు ఏదైనా కంటికి కనపడుతుంది, చెవికి వినపడుతుంది, ముక్కుకు తెలుస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పటి నుంచి "పాతది ఇచ్చేయ్, కొత్తది తీసుకో" అనే మాట ఊరూరా ఎక్కువైంది. అదే రోజు నుంచి ట్రాక్టర్ టైర్ల మీద, కొన్ని విడిభాగాల మీద 18 శాతం కాస్తా 5 అయిందని మాత్రం ఎవరూ చెప్పరు. అంటే పాత బండిని నిలబెట్టుకోవడం కూడా చౌక అయింది.

ముందు పొగను అడగండి

డీజిల్ ఇంజిన్‌కు కావాల్సినవి నాలుగు: గాలి, డీజిల్, సిలిండర్‌లో ఒత్తిడి, సరైన సమయంలో నాజిల్ చిమ్మడం. వీటికి తోడు మనం దానిమీద పెట్టే బరువు. బలం తగ్గిందంటే ఈ ఐదింటిలో ఏదో ఒకటి. ఏదో చెప్పేది పొగ.

స్లాషర్ తిప్పుతూ గడ్డిలో పోయేటప్పుడు సైలెన్సర్ చూడండి.

నల్ల పొగ వస్తూ బలం తగ్గితే: డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదు. లేదా బరువు ఎక్కువైంది. లేదా నాజిల్ పొగమంచులాగా చిమ్మకుండా ధారలాగా కారుతోంది.

పొగ ఏమీ లేకుండానే బలం తగ్గితే: డీజిల్ అందడం లేదు. లేదా హ్యాండ్ యాక్సిలరేటర్ లింకు అరిగి పంపును పూర్తిగా లాగడం లేదు.

నీలం పొగ ఆగకుండా వస్తే: ఇంజిన్ ఆయిల్ కాలుతోంది.

తెల్ల పొగ ఘాటు వాసనతో వస్తే: డీజిల్ సరిగ్గా కాలడం లేదు. టైమింగ్ కావచ్చు, ఒత్తిడి తగ్గి ఉండొచ్చు. రేడియేటర్ నీళ్ళు కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఈ నాలుగు ముక్కలు తెలిసిన రైతును ఎవరూ తేలిగ్గా బెదిరించలేరు.

తప్పు ఇంజిన్‌దా, స్లాషర్‌దా?

చాలామంది ఇది దాటేస్తారు. పీటీఓ ఆపి, బండిని న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా లాగండి. ఇంజిన్ టక్కున లేచి, గొంతు మారకుండా నిలబడితే ముందు స్లాషర్ వైపు చూడాలి. బ్లేడ్లు మొద్దుబారితే కసువును కోయవు, పీకుతాయి. పీకడానికి రెట్టింపు బలం కావాలి. ఇరుసుకు గడ్డి, డ్రిప్పు పైపు ముక్కలు చుట్టుకున్నాయేమో చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. చేత్తో తిప్పి బేరింగ్ పట్టేస్తోందేమో చూడండి. ఇవన్నీ ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే. పీటీఓ తిరిగేటప్పుడు లుంగీ, తువ్వాలు దగ్గరికి కూడా తేవద్దు.

ఇంజిన్ గొంతు తగ్గకుండానే బ్లేడ్లు మందగిస్తే అది క్లచ్ జారడం. ఒక చక్రం దగ్గర వేడి, కాలిన వాసన ఉంటే బ్రేకు పట్టుకుని ఉంది. ఈ రెండింటినీ "ఇంజిన్ వీక్" అని చెప్పి ఇంజిన్ విప్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇంకోటి. పీటీఓ నిమిషానికి 540 తిరిగితేనే స్లాషర్ సరిగ్గా కోస్తుంది. దానికి ఇంజిన్ ఎంత తిరగాలో బండి పుస్తకంలో ఉంటుంది, చాలా బండ్లకు మీటరు మీద గుర్తు కూడా ఉంటుంది. డీజిల్ మిగులుతుందని యాక్సిలరేటర్ తగ్గించి, గేరు పెంచి తోలితే ఏ బండైనా ఆయాసపడుతుంది. చిన్న గేరు, నిండు పీటీఓ, అదీ లెక్క. 35 హెచ్‌పీ ఇంజిన్ అంటే పీటీఓ దగ్గర మిగిలేది సుమారు 30. పెద్ద మల్చర్ తగిలించి అది లాగలేదంటే తప్పు బండిది కాదు.

గాలి: మన దుమ్మే మనకు శత్రువు

ఒక లీటరు డీజిల్ సరిగ్గా కాలాలంటే కనీసం పది వేల లీటర్ల గాలి కావాలి. గంటకు మూడు లీటర్లు కాల్చే బండి ముప్పై వేల లీటర్లకు తక్కువ కాకుండా గాలి పీలుస్తుంది. ఏ గాలి? కోసిన కసువు పొట్టు, గింజలు, ఎర్రమన్ను దుమ్ము కలిసిన గాలి. దున్నేటప్పుడు లేచే దుమ్ము కన్నా స్లాషర్ లేపే పొట్టు ఇంకా మొండిది, జాలీకి అతుక్కుపోతుంది.

పాత బండ్లకు ఎక్కువగా ఆయిల్ గిన్నె ఉన్న ఎయిర్ క్లీనర్ ఉంటుంది. కసువు కోసే రోజుల్లో ప్రతి రోజూ గిన్నె విప్పి చూడండి. అడుగున బురద పేరుకుంటే పారబోసి, డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయండి. గీత దాటి పోయకూడదు, ఇంజిన్ ఆ ఆయిల్‌ను లాక్కుంటుంది. పైన జాలీని, పొట్టు ఆపే ముందు టోపీని కూడా దులపండి. బనగానపల్లె వైపు ఒక బేనీషా తోటకు అద్దెకు పోయిన బండి నల్ల పొగ కక్కుతోందని పిలిస్తే పోయాను. గిన్నెలో ఆయిల్ కాదు, సంగటి ముద్ద ఉంది. కడిగి పోశాక అదే గేరులో సాలు చివరిదాకా ఆగకుండా పోయింది.

ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టాన్ని వేలితో తడమండి. పగులు ఉంటే, క్లిప్పు వదులైతే, దుమ్ము క్లీనర్‌ను తప్పించుకుని నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. మంచి ఇంజిన్‌కు నిజంగా బోరు పని తెచ్చిపెట్టేది ఇదే. ముప్పై రూపాయల క్లిప్పు.

ఎండ గురించి కూడా. 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి 30 డిగ్రీల పొద్దుటి గాలి కన్నా సుమారు 4 శాతం పలచగా ఉంటుంది. బండి మధ్యాహ్నం కొంచెం మెత్తబడితే అది జబ్బు కాదు. పొద్దున్నే కోసుకోండి.

డీజిల్: డబ్బాలో తెచ్చినదే దారిలో అడ్డం పడుతుంది

మనం బంకు నుంచి క్యాన్లలో తెచ్చుకుంటాం. అడుగున మడ్డి, చెమ్మ ఉంటాయి. మా బండికి పోయిన ఆగస్టులో జరిగింది ఇదీ: చీనీ సాళ్ళల్లో పది, పదిహేను నిమిషాలు బాగా లాగేది. తర్వాత నెమ్మదిగా గొంతు పడిపోయేది. పొగ లేదు. ఆపి ఐదు నిమిషాలు నిలబెడితే మళ్ళీ మామూలే. ఒక షెడ్డులో చూపిస్తే చెవి పెట్టి విని, "అన్నా, బోరుకొచ్చింది, దించేద్దాం" అన్నారు.

ఆలోచించండి. బోరు అరిగిన ఇంజిన్ ఐదు నిమిషాల విశ్రాంతికి కుదుటపడుతుందా? పొద్దున స్టార్టింగ్ ఒక్క సెల్ఫ్‌కే పట్టేది. ఆయిల్ తగ్గడం లేదు. ఈ మూడూ కలిపితే తేలేది, ట్యాంకు నుంచి డీజిల్ రావడానికి ఏదో అడ్డం ఉందని. బలం తగ్గిన క్షణంలో ట్యాంకు మూత తిప్పితే "బుస్సు" మని గాలి లోపలికి పోయింది. మూతకు ఉండే సన్నటి గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి చాలక, పంపుకు డీజిల్ దిగడం లేదు. సైకిల్ పుల్లతో పొడిచి, మొదటి ఫిల్టర్ మార్చితే సరిపోయింది. వీడియోలో ఆ శబ్దం వినిపించాను.

మూత తీసినా బాగవకపోతే వరుసగా ముందుకు పోండి. ట్యాంకు కింద కుళాయి, అక్కడి జాలీ. తర్వాత గాజు గిన్నె ఉంటే దానిలో నీళ్ళు, మడ్డి. తర్వాత ఫీడ్ పంపు. తర్వాత రెండు ఫిల్టర్లు. ఫిల్టర్ మీద ఉన్న గాలి తీసే బోల్టు వదులు చేసి చేతి పంపు కొట్టండి. డీజిల్ బుడగలు లేకుండా నిండుగా రావాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే ఎక్కడో వాషర్ పోయి గాలి పడుతోంది. రాగి వాషర్లు పది కొని బండిలో పెట్టుకోండి.

వేడి, నాజిల్, టాపెట్

కసువు కోసే బండికి రేడియేటర్ ముందు జాలీ గడ్డి గింజలతో గోడ కట్టినట్టు మూసుకుపోతుంది. వేడెక్కితే ఏ ఇంజినైనా నీరసపడుతుంది. ఫ్యాన్ బెల్టు బిగువు చూసి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు మెల్లగా కొట్టండి. ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక్కడిదాకా అన్నీ మనం చేసుకునేవే. నాజిల్, టాపెట్, పంపు టైమింగ్ మాత్రం మెకానిక్ పని. అయినా ఇవి కూడా ఇంజిన్ దించకుండా అయ్యేవే. నాజిళ్ళను టెస్టర్ మీద పెట్టి మీ ముందే చిమ్మించమనండి. ఆ స్ప్రేకు చెయ్యి అడ్డం పెట్టొద్దు. అంత ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, చెయ్యి పోయేంత ప్రమాదం.

నిజంగా బోరు పోయిందని ఎలా తెలుస్తుంది

మన సీమలో "బోరు పోయింది" అంటేనే గుండె జారుతుంది, అది నేలలోదైనా ఇంజిన్‌లోదైనా. ఆ భయం మీదే సగం బేరాలు నడుస్తాయి. కాబట్టి గుర్తులు తెలుసుకోండి. ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ ఊదడం. నీలం పొగ ఆగకపోవడం. ఆయిల్ మాటిమాటికీ తగ్గడం. చలి పొద్దున స్టార్ట్ కాకపోవడం. ఇవి రెండు మూడు కలిసి ఉంటే, కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్ కొలిపించండి. మూడు సిలిండర్లలో ఒకటే తక్కువ ఉంటే అది వాల్వు కావచ్చు, మొత్తం కిట్టు అక్కర్లేదు. మూడూ తక్కువ ఉంటే అప్పుడు ఖర్చు పెట్టండి, నేను వద్దనను.

కొత్త బండి అసలు వద్దని కూడా అనడం లేదు. రోజూ అద్దెకు తిప్పేవాళ్ళకు, విడిభాగాలు దొరకని మోడల్ ఉన్నవాళ్ళకు, బ్రేకులు నమ్మలేని స్థితికి వచ్చినవాళ్ళకు మార్చడమే మేలు. నేనూ స్లాషర్ అద్దెకు తిప్పుతా, ఆ లెక్క నాకు తెలుసు. కానీ సొంత ఐదారెకరాల తోటలో ఏడాదికి కొన్ని రోజులు కసువు కోయడానికి వాయిదాలు నెత్తికెత్తుకుంటే, ఎరువుల మీద మిగిలించింది మొత్తం బ్యాంకుకు పోతుంది. పెట్టుబడి తగ్గించుకోవడానికే కదా ఈ దారి పట్టింది?

మెకానిక్‌ను తిట్టి లాభం లేదు

మెకానిక్‌లు మోసగాళ్ళని నేను అనను. ఇంజిన్ విప్పితే మనం డబ్బులిస్తాం. గంటసేపు కూర్చుని ఆలోచించి, "మూత రంధ్రం మూసుకుంది" అని చెబితే టీ తాపించి పంపుతాం. అలాంటప్పుడు ఆయన ఎందుకు ఆలోచిస్తాడు? జబ్బు కనిపెట్టినందుకు మూడు వందలో ఐదు వందలో ఇవ్వడం అలవాటు చేసుకుందాం. డాక్టరుకు ఫీజు ఇస్తున్నాం కదా.

రెండోది, నేర్చుకోవడం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, బాగుచేసుకోవడం మీద రైతులకు శిక్షణ ఇస్తారు. మన గడప పక్కనే ఉంది. ఊరికి ఒక్క కుర్రోడు పోయి వస్తే ఊరి బండ్లన్నీ బాగుపడతాయి. బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరు కేవీకేల్లోనూ, ప్రకృతి వ్యవసాయ శిక్షణల్లోనూ జీవామృతం నేర్పినట్టే, వానాకాలానికి ముందు ఒక్క పూట ఎయిర్ క్లీనర్, ఫిల్టర్, నాజిల్ మీద పెట్టాలని నా విన్నపం. మహిళా సంఘాల అక్కలను కూడా పిలవాలి. ఆయిల్ గిన్నె కడగడానికి మీసాలు అక్కర్లేదు.

మీరు చేయాల్సింది ఒక్కటే. నవధాన్యాలు చల్లే ముందు, మే నెలలో ఒక పొద్దు దీనికి పెట్టండి. ఆయిల్ గిన్నె, రబ్బరు గొట్టం, ట్యాంకు మూత, ఫిల్టర్లు, రేడియేటర్ జాలీ, బ్లేడ్ల పదును. ఏది ఎప్పుడు మార్చారో బండి గంటలతో సహా నోటుబుక్కులో రాసుకోండి. ఒక జత ఫిల్టర్లు, ఒక ఫ్యాన్ బెల్టు ఇంట్లో ఉంచుకోండి, వానల్లో టౌనుకు పరుగెత్తే పని ఉండదు. ఇవన్నీ చూసినా బలం రాకపోతే, పొగ రంగు ఏది, ఎన్ని నిమిషాలకు తగ్గుతోంది, ఆపితే కుదుటపడుతోందా అనే మూడు సంగతులు రాసుకుని మెకానిక్ దగ్గరికి పోండి. ఆ మూడు చెప్పగలిగిన రైతుతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.